పసుపు పూసిన గినీ పందులు

హన్మండ్లు ఎవరికైనా తనను పరిచయం చేసుకుంటే "నేను సగం డాక్టర్‌ను" అనేవాడు. ఎదుటివాడు నమ్మబోతున్నాడనగా "పనికిరాని సగం" అని కలిపేవాడు. నిజామాబాద్‌లో ఒక క్షయ వైద్యశాల వెనుక రేకుల షెడ్డులో పరీక్షల కోసం పెంచే గినీ పందులను సాకడం ఆయన ఉద్యోగం.

అంతకుముందు బోధన్ దగ్గరి ఊళ్లో చెరకు నరికేవాడు. ఒక ఏడాది ఆయనకూ, తమ్ముడు ముత్యానికీ దగ్గులో నెత్తురు పడింది. ఇద్దరూ ఒకే గొంగడి కప్పుకున్నారు, ఒకే మందులు మింగారు. అన్న బతికాడు, తమ్ముడు పోయాడు. "పనిమంతుడు పోయిండు, పనిదొంగ మిగిలిండు" అని హన్మండ్లే నవ్వించేవాడు. నవ్వించాక చాలాసేపు ఎవరి ముఖమూ చూసేవాడు కాదు.

కత్తి పట్టే సత్తువ మళ్లీ రాలేదు. వైద్యం చేసిన డాక్టర్ దశరథం గారే షెడ్డులో పని ఇప్పించారు. హన్మండ్లు భార్య దేవవ్వకు ఆ సంతోషం ఒక్కరోజు ముచ్చటే అయింది. "నీ పెనిమిటి పందులను మేపుతుండటగా?" అని వాడకట్టంతా అడిగేది. "పందులు గావు, కుందేలు పిల్లల లెక్కుంటయి" అని చెప్పలేక ఆమె ప్రాణం విసిగింది.

1966 చలికాలంలో డాక్టర్ గారు ఒక పరీక్ష తలపెట్టారు. టీకా వేసిన జంతువు క్షయను తట్టుకుంటుంది. ఆ శక్తి ఉండేది రక్తపు నీటిలో కాదు, కణాల్లో. ఆ కణాలను తీసి టీకా వేయని జంతువుకు ఎక్కిస్తే, శక్తి దానికీ వస్తుందా? వస్తే, చర్మంలో క్షయ పరీక్ష మందు వేసిన చోట ఎర్రగా వాస్తుంది. వేరే దేశాల్లో చేసి చూశారట. ఇక్కడా చేసి చూడాలని ఆయన పట్టుదల.

"అంటే సార్, అప్పుడు నా బలం మా ముత్యానికి ఎక్కిస్తే బతుకుతుండె గదా?"

"మనుషుల దాకా రావడానికి చాలా దూరముంది, హన్మండ్లూ."

దూరమే గాని దారి ఉందన్నమాట. ఆ రోజు నుంచి హన్మండ్లు ఆ పరీక్ష తన సొంతమన్నట్టు తిరిగాడు.

సోమవారం పన్నెండు తెల్ల గినీ పందుల్లో ఆరింటికి కణాలు ఎక్కించారు. గుర్తు కోసం ఆ ఆరింటి వీపున పసుపుపచ్చ రంగు పూయడం హన్మండ్లు పని. తీరా చూస్తే రంగు సీసా ఎండిపోయి ఉంది. మూత పెట్టడం మరిచింది తనే. చెబితే సగం డాక్టర్ పరువు పోతుంది. పసుపు మార్కెట్ ఉన్న ఊళ్లో పచ్చరంగుకు కరువేమిటి? తమ పెళ్లప్పుడు వారం దాటినా దేవవ్వ పాదాలకు పసుపు పోలేదు కదా అనుకున్నాడు. ఆరింటికీ నీళ్లతో కలిపి దట్టంగా పూశాడు.

పాపం చలికి వణుకుతున్నాయని రెండు రోజులు బోన్లను ఎండలో పెట్టాడు. కొంత ఎండకు వెలిసింది, కొంత అవే నాకేశాయి. బుధవారం పొద్దున చూస్తే పన్నెండూ తెల్లగా ఉన్నాయి. పరీక్ష మందు వేసేది ఆ రోజే.

"రోజూ గడ్డేసేటోనికి మొఖాలు తెల్వయా?" అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. అన్నిటికీ ఊళ్లోవాళ్ల పేర్లే పెట్టుకున్నాడు. ఐదింటిని ఇట్టే పోల్చాడు. ఆరోది లింబయ్యా, పెంటవ్వా? కాసేపు తటపటాయించి, లింబయ్యే అనుకుని ఆ ఐదింటితో పాటు దానికీ మళ్లీ పసుపు పూశాడు. డాక్టర్ గారు వచ్చి అన్నిటికీ సూదులు వేసి వెళ్లారు.

మర్నాడు పసుపువాటిలో ఐదింటికి వాపు వచ్చింది. లింబయ్యకు రాలేదు. పసుపు లేని పెంటవ్వకు వచ్చింది.

"ఆరింటికి ఐదు!" డాక్టర్ గారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆదివారం హైదరాబాద్‌లో డాక్టర్ల సభ, అక్కడ చదువుతానన్నారు. "ఎక్కించినవాటిలో ఒకదానికి రాలేదు, ఎక్కించనివాటిలో ఒకదానికి వచ్చింది. అదొక్కటే ఎందుకో."

నోరు మూసుకుంటే అందరూ బాగుంటారు. కానీ హన్మండ్లు మూసుకోలేకపోయాడు. ఎండిన సీసాతో మొదలుపెట్టి అంతా చెప్పాడు.

"లింబయ్యకు గాదు సార్, పెంటవ్వకే ఎక్కిచ్చిండ్రు. ఇప్పుడు ఎర్కైంది. రాసుకోండ్రి, ఆరుకు ఆరు!"

డాక్టర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "నిన్న నేను సూదులు వేయకముందు చెబితే నీ గుర్తును నమ్మేవాణ్ని. ఇప్పుడు వాపు చూసి చెబుతున్నవు. ముఖం చూసి పోల్చినవా, వాపు చూసి పోల్చినవా? నీకైనా తెలుసా?"

హన్మండ్లు బోను దగ్గరికి పోయి పెంటవ్వ ముఖం చూడబోయాడు. కళ్లు ముందు వాపు మీదికే పోయాయి.

డాక్టర్ గారు ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టారు. తిట్టలేదు. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదా. ఎందుకు చెప్పినవు?"

"మా ముత్యం అసొంటోడు ఎవడో దీన్ని నమ్ముకుంటడు గద సార్."

సభకు ఆయన ఉత్త చేతులతో వెళ్లారు. మళ్లీ చేయడానికి టీకా జంతువులు సిద్ధమయ్యేలోగా ఎండాకాలంలో బదిలీ అయింది. తర్వాత వచ్చినవారు ఆ పరీక్ష జోలికి పోలేదు.

ఉద్యోగం దిగిపోయాక కూడా హన్మండ్లు ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేవాడు. సగం డాక్టర్, గిన్నెడు పసుపుతో పూర్తి డాక్టర్‌ను ముంచాడని. ఎవరైనా "ఇంతకూ కణాలు ఎక్కించింది పెంటవ్వకేనా?" అని అడిగితే "పెంటవ్వకే! దాని మొఖం నాకు తెల్వదా?" అనేవాడు గట్టిగా. తర్వాత గొంతు తగ్గించి, "ముత్యం కోసరం అట్లనిపిస్తదేమో" అనేవాడు. అప్పుడు నవ్వేవాడు కాదు.