మామ నడుము మీద నా ఎడమ కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే తలకన్నా ముందు పాదాలు బయటికి వచ్చాయి. అలా పుట్టినవాడి కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని మా గద్వాల వైపు నమ్మకం. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆ పని చేశాను. దానికో పద్ధతి ఉంది. నొప్పి ఉన్న మనిషి పొద్దున్నే, ఏమీ తినకముందు వచ్చి మా గడప ముందు బోర్లా పడుకోవాలి. నేను ఎడమ కాలిని నడుముకు మూడుసార్లు మెల్లగా తాకించాలి. వెనక్కి చూడకుండా లోపలికి పోవాలి. అంతే. కొందరికి తగ్గేది, కొందరికి తగ్గేది కాదు. తగ్గనివాళ్ళు ఆ సంగతి చెప్పడానికి రారు కాబట్టి నా పేరు బాగానే ఉండేది.

హైదరాబాదులో డ్రాయింగు, సర్వే నేర్చుకున్న మూడేళ్ళలో ఈ విషయం తోటివాళ్ళెవరికీ తెలియనివ్వలేదు. నాగర్‌కర్నూలులో ఓవర్సీయరు కింద ఉద్యోగం దొరికాక బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇక ఎవరూ నన్ను ఆ పని అడగరనుకున్నాను.

మా మేనమామ నేతగాడు. మా నాన్న పోయాక నన్ను పెంచింది, చదివించింది ఆయనే. గుంట మగ్గం ఆయనది. గుంటలో కాళ్ళు పెట్టుకుని, అడుగున ఉన్న కర్రలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతుంటేనే నేత సాగుతుంది. చేతులు ఎంత పనిచేస్తాయో కాళ్ళూ అంతే పనిచేయాలి. నేను పది రోజుల సెలవు మీద వచ్చేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. బండి మీద నుంచి నూలు మూట దించుతుంటే నడుములో కలుక్కుమందట. నొప్పి పిర్ర మీదుగా కుడి మడమ దాకా తీగ పట్టి లాగినట్టు దిగుతోంది. దగ్గితే ఎక్కువవుతోంది. కూర్చుంటే ఓర్చుకోలేకపోతున్నాడు.

అప్పటికే అత్త చాలా చేసింది. ఆముదం రాసింది. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసింది. వేడి ఇసుక మూటతో కాపడం పెట్టింది. నేను వచ్చిన రోజే పక్క వీధిలోని ముసలి పహిల్వాన్‌ను పిలిపించింది. ఒకప్పుడు కుస్తీలు పట్టి, వయసు మళ్ళాక విరిగిన ఎముకలకు కట్లు కట్టి బతుకుతున్న మనిషి. ఆయన మామను వెల్లకిలా పడుకోబెట్టి కుడి కాలు మోకాలు వంచకుండా మెల్లగా లేపాడు. జానెడు లేచేసరికి మామ పళ్ళు బిగపట్టాడు. పహిల్వాన్ కాలు దించేసి, తన అరచేతిని పాదానికి అడ్డం పెట్టి నెట్టమన్నాడు. మామ గట్టిగానే నెట్టాడు. వేళ్ళు పైకెత్తమంటే ఎత్తాడు. గోరువెచ్చని నూనె రాసి లేచాడు పహిల్వాన్.

"ఇది ఎముక పని కాదు, నరం పని. నేను గుంజను, ఇంకెవ్వరిని గుంజనియ్యకుండ్రి. బండల మీద చాప ఏసి పండబెట్టుండ్రి. నెల పడ్తది" అన్నాడు.

నెల అనేసరికి అత్త మొహం మాడిపోయింది. మగ్గం మీద చీర సగంలో ఉంది. మర్నాడు పొద్దున్నే మామను బోర్లా పడుకోబెట్టి నా దగ్గరికి వచ్చింది. ఇవన్నీ ఒట్టి నమ్మకాలని నేను చెప్పబోయాను.

"ఊరోళ్ళ నడుములన్నీ తొక్కినవు. మీ మామ నడుము కాడికొచ్చేసరికి నీ బూట్లు అడ్డమొచ్చినయా?"

బూట్లు విప్పాను. పద్ధతి ప్రకారం మూడుసార్లు తాకించి లోపలికి పోయి ఉంటే ఈ నాలుగు మాటలు రాయవలసిన అవసరం ఉండేది కాదు. నాకు అది చిన్నతనంగా తోచింది. చదువుకున్నవాడు చేస్తే అందులో ఏదో లెక్క ఉండాలనుకున్నాను. వెన్నుపూసల వరసను వేళ్ళతో తడిమాను. ఒకచోట వంకర ఉన్నట్టు అనిపించింది. వరస తప్పినదాన్ని నిలువు బరువుతో వరసలోకి తేవచ్చు అనుకున్నాను. పైనున్న దూలాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎడమ మడమను అక్కడ ఆనించి, కొంచెం కొంచెంగా ఒళ్ళు బరువంతా వదిలాను.

మామ ఊపిరి ఆగింది. "అల్లుడా, దిగు" అన్నాడు. అంతకన్నా గొంతు పెంచలేదు.

లేపి నిలబెడితే కుడి పాదం నేల మీద ఈడ్చుకుపోయింది. వేళ్ళు ఎత్తమంటే ఎత్తలేకపోయాడు.

మధ్యాహ్నానికి బండి కట్టించి దవాఖానకు తీసుకుపోయాను. పోయేముందు, అలవాటు కొద్దీ, అప్పటిదాకా చేసిన చికిత్సలన్నీ ఒక కాగితం మీద అంకెలు వేసి రాశాను: ఆముదం, వావిలాకు నీళ్ళు, ఇసుక కాపడం, పహిల్వాన్ నూనె. నాలుగే రాశాను. డాక్టరు కాగితం చూసి, ఇంత వివరంగా ఎవరూ రాసుకురారని మెచ్చుకున్నాడు. పిన్నుతో పాదం మీద అక్కడక్కడ గుచ్చి చూశాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయని, ఒకటి పక్కకు ఉబికి నరాన్ని నొక్కుతోందని చెప్పాడు. రెండు పైపుల మధ్య వాషరు జారడం లాంటిదన్నమాట. నాకు వెంటనే అర్థమైంది. నేనేం చేశానో కూడా అర్థమైంది.

"ఎవరైనా తొక్కడం, గుంజడం చేశారా?" అని అడిగాడు.

"లేదు సాబ్."

"పాదం ఎప్పటి నుంచి ఇట్లుంది?"

"మెల్లగా వచ్చింది. వారం నుంచి."

బల్ల మీద పడుకున్న మామ నా వైపు చూశాడు.

పాదం ఒక్కసారిగా పడిపోయి ఉంటే ఆ రోజే హైదరాబాదు పంపేవాణ్ణని డాక్టరు అన్నాడు. మెల్లగా వచ్చింది కాబట్టి విశ్రాంతి చాలన్నాడు. మూడు వారాలు చెక్క మీద పడక, మోకాళ్ళ కింద దిండు, నొప్పికి పొడులు, బరువులు ఎత్తకూడదు, మూత్రం ఆగితే వెంటనే రావాలి. అన్నీ రాసుకున్నాను. నోరు తెరవడానికి అప్పటికీ సమయం ఉంది. నా బూట్లు, నా కాగితం, ఆయన మెచ్చుకోలు, వీటి ముందు ఆ మాట రాలేదు.

హైదరాబాదు పోయి ఉంటే పాదం బాగయ్యేదా? తెలియదు. తరువాత అడిగిన ఇద్దరు డాక్టర్లూ చెప్పలేమనే అన్నారు. ఆ జవాబు నాకేమీ ఊరట ఇవ్వలేదు.

నెల దాటాక మళ్ళీ రెండు రోజులు వచ్చాను. నొప్పి ముప్పాతిక వంతు పోయింది. పాదం లేవలేదు. మామ గుంటలోకి దిగి ప్రయత్నించాడు. కుడి కాలు కర్ర మీద నుంచి జారిపోతూనే ఉంది. అత్త రాట్నం ముందు కూర్చుని పహిల్వాన్‌ను తిడుతోంది. ఆ ముసలాయన చెయ్యి పడ్డాకే కాలు చచ్చిందని వీధంతా చెప్పిందట. ఆయన గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గిపోయారు.

ఆ సాయంత్రం ఆయన తన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తప్పించుకుపోదామనుకున్నాను, పిలిచాడు. మామ ఎలా ఉన్నాడని అడిగాడు. నేను తడబడుతూ జరిగింది చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నేను చూసిననాడు మీ మామ నా చెయ్యిని మంచిగ నెట్టిండు. నువ్వు ఆడనే ఉన్నవ్ బేటా. నాకు చెప్పుడెందుకు? నాకు తెల్వదా? మీ అత్తకు చెప్పు."

మర్నాడు పొద్దున చెప్పాను. డాక్టరు దగ్గర ఆడిన అబద్ధం కూడా చెప్పాను. మామ గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమ చేత్తో పాదాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. డాక్టరు చెప్పిన కసరత్తు అది.

"ఎప్పుడు చెప్తవా అని చూస్తున్న" అన్నాడు, తల ఎత్తకుండా. "సర్కారు నౌకరోడివైతివి. నలుగురిల నీ మాట పోతదని నేనూ ఊకున్న."

అత్త రాట్నం ఆపింది. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నువ్వు తొక్కినవని నాకు తెల్వదా? నేను చూస్తనే ఉంటి. తొక్కమన్నది నేనే గద" అంది. "నా పేరు, నీ పేరు రాకుంట ముసలాయన పేరు జెప్తి. సులువాయె."

కాసేపటికి లేచి, కొంగు భుజం మీదుగా కప్పుకుని, గడప దిగింది. ఎక్కడికని మామ అడిగితే పక్క వీధికి, ముసలాయన కాడికని చెప్పింది. నన్నూ రమ్మంటుందేమోనని చూశాను. ఆమె రమ్మనలేదు. నేనూ వస్తానని అనలేదు. రైలుకు ఇంకా రెండు గంటల టైముంది. నేను మామ పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తీసేసి, ఆ పాదాన్ని నా చేతుల్లోకి తీసుకుని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండిపోయాను. ఆమె తిరిగి వచ్చేలోగా లేచి స్టేషనుకు బయలుదేరాను.