ఉత్తికాళ్ల ఆటగాడు

బంతి మా గోలు వైపు వస్తే చాలు, అతను నాకు అడ్డంగా నిలబడి, అరచెయ్యి వెనక్కి చాపి, "మీరుండండి బాబూ, నేనున్నాగా" అనేవాడు. అవతలివాళ్ల బూట్లకు ఉత్తికాళ్లే అడ్డుపెట్టేవాడు. ధవళేశ్వరంలో మా దొర ఫుట్‌బాల్ ఆడటానికే జీతమిచ్చి పెట్టుకున్న జాలరి పడుచువాడు. గోలు కాసే గుమస్తాను నేను.

అతను చేరిన మూడో నెలలో, కాకినాడ దొరలతో ఆటలో, బంతి నా చేతుల్లోంచి జారింది. ఓడిపోయాం. తప్పెవరిదని దొర ఇంగ్లీషులో అడిగితే, అతన్ని చూపించాను. ఇంగ్లీషు రాని అతను, మెచ్చుకుంటున్నాననుకుని నాకు దణ్ణం పెట్టాడు. మర్నాడే అతని పని పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు.

ఏళ్ల తర్వాత రేవులో పడవ దిగబోతూ తూలాను. పడవవాడు చెయ్యి చాపాడు. అతనే.

"ఆవేళ దొర దగ్గర నా గురించి మంచిమాట చెప్పింది మీరొక్కరేనండి" అన్నాడు.

ఆ చెయ్యి పట్టుకునే ఒడ్డెక్కాను.