యాడికి కాదు, యాడి

కేతేపల్లి పక్కన మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేనే. నా చదువు మూడో తరగతిలో ఆగింది. అయినా ఒకసారి పిల్లలకు పాఠాలు తయారుచేయడంలో చెయ్యి పెట్టాను. అప్పటికి ఆ చేతికి పసుపు ఉంది, అది వేరే సంగతి.

తెలంగాణ వచ్చిన కొత్తలో తండా నుంచి ఒక పిల్ల ఒకటో తరగతికి వచ్చింది. ఇంట్లో అంతా లంబాడి మాటే, తెలుగు ఒక్క ముక్క రాదు. రోజూ తలుపు పట్టుకొని "యాడి... యాడి..." అని ఏడ్చేది. బడికంతా ఒక్కతే టీచరమ్మ, నల్గొండ నుంచి బస్సులో వచ్చేది.

"యాడికి లేదు బిడ్డా, కూసో," అనేది ఆమె.

"యాడీ!" అని పిల్ల ఇంకా గట్టిగా అరిచేది.

"చెప్పిన గదనే, యాడికి లేదని! ఎన్నిసార్లు అడుగుతవ్?"

పొయ్యి దగ్గర నుంచి నేనూ వంత పాడేదాన్ని: "బడి ఇడిసెదాక యాడికి పోవుడు లేదే!" పది రోజులు ఇద్దరం కలిసి ఆ పిల్ల అడగని ప్రశ్నకు జవాబు చెప్పాం.

చివరికి టీచరమ్మ విసిగి తల్లిని పిలిపించింది. చంకలో చంటిదానితో వచ్చిందామె.

"దీనికి మాట తెలుస్తలేదమ్మ. నెల చూస్త. గిట్లనే ఉంటె మల్ల అంగన్‌వాడికే పంపుత."

"అంగన్‌వాడికెందుకు మేడం? నాతోని పత్తి ఏరనీకి తోల్కపోత. చిన్నదాన్నన్న ఎత్తుకుంటది."

అంతలో పిల్ల "యాడి!" అంటూ ఉరికి వచ్చి తల్లి కాళ్లను చుట్టేసుకుంది. నల్లా కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. టీచరమ్మ నన్ను చూసింది. నేను గరిటెను చూశాను.

"యాడి అంటె ఏందమ్మ?"

"అమ్మ, మేడం. మా మాటల అమ్మను యాడి అంటం."

ఆమె వెళ్లాక టీచరమ్మ తల పట్టుకుంది. "పది దినాలసంది పిల్ల అమ్మ గావాలని ఏడుస్తుంటె మనమేం జేసినం అవ్వా?"

"బస్సు కండక్టర్లమైనం మేడం. యాడికి, యాడికి అనుకుంట."

ఆ రోజే టీచరమ్మ పుస్తకం పక్కన పెట్టి చార్టు తీసింది. ఆడమనిషి బొమ్మ వేసి కింద 'అమ్మ' అని, దాని కింద 'యాడి' అని రాసింది. నేనేమో పిల్లలను వంట దగ్గరికి పంపమన్నాను. బిందెలోకి వేలు చూపించి ఇదేంది అనేదాన్ని. ఊరి పిల్లలు "నీళ్లు" అనేవాళ్లు, తండా పిల్ల "పాణి" అనేది. తురక పిల్లలు లేచి "పానీ మాది!" అని కొట్లాటకు దిగారు. బోర్లు ఎండిపోయే మా ఊళ్లో నీళ్ల కోసం కొట్లాట కొత్త కాదు, నీళ్లన్న మాట కోసం కొట్లాట మాత్రం అదే మొదలు. కొట్లాటలో అందరికీ అన్ని మాటలూ వచ్చాయి. తండా పిల్ల మాత్రం వినేది, ఒక్కొక్క మాటే అనేది. తెలుగులో ఒక్క వాక్యం కూడా నోరు దాటలేదు.

నెల నిండిన రోజున తల్లి చంటిదానితో వచ్చి గడపలో నిలబడింది. అదే రోజు తనిఖీకి ఆఫీసరు దిగాడు. గోడ మీది చార్టు చూసి ఎర్ర పెన్ను తీశాడు.

"ఇక్కడ 'కి' ఎగిరిపోయింది టీచర్‌గారూ," అని 'యాడి' పక్కన 'కి' చేర్చాడు. "అసలు 'ఎక్కడికి' అని రాయాలి."

టీచరమ్మ నోరు తెరిచేలోపే పిల్ల లేచింది.

"ఓ సారూ! మా యాడిని ఖరాబ్ చెయ్యకు! యాడి అంటె అమ్మ!"

ఆఫీసరు పెన్ను గాలిలోనే ఆగింది. "ఇదేం భాష?"

"తెలుగు, లంబాడి, ఉర్దూ మూడున్నయ్ సార్," అన్నాను. "ఒక్క తిట్టులనే పట్టినయ్."

పిల్ల ఎంగిలి వేలితో ఆ 'కి'ని రుద్దింది. పోలేదు. నా గిన్నెలోంచి నాలుగు మెతుకులు తీసుకొని దాని మీద కాగితం ముక్క అంటించింది. టీచరమ్మ తల్లి వైపు తిరిగింది. "అంగన్‌వాడి లేదు, ఏం లేదు. ఇది ఈడనే ఉంటది."

తల్లి చంటిదాన్ని చంకలో సర్దుకొని మెట్లు దిగింది.

నా నోరు ఊరుకోదు కదా, "యాడికి?" అన్నాను.

"పత్తికే అవ్వా. చిన్నదాన్ని నేనే మోస్త."