గోరంత తోలు

ఖరీదైన చేతి తొడుగుకు ప్రాణం కుట్టులో లేదు, లాగడంలో ఉంది. మేకపిల్ల తోలును తడిగుడ్డలో చుట్టి మెత్తబరిచి, బల్ల అంచుకు ఆనించి, ఇక సాగనని అది మొరాయించేదాకా నిలువునా లాగాలి. ఆ తర్వాతే కత్తెర. లాగుడు తక్కువైతే నాలుగు రోజులు తొడిగేసరికి వేళ్ళు సాగి వేలాడతాయి. అంత పోసి కొన్నవాళ్ళు ఊరుకుంటారా? డబ్బాతో సహా వెనక్కి పంపుతారు.

తొడుగుల కార్ఖానాలో పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర లాగుతూనే ఉన్నాడు. మణికట్లు అరిగిపోయాయి. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోవడానికే ఆపసోపాలు. ఈ ఏడాది ఇప్పటికే రెండు జతలు తిరిగొచ్చాయి. మూడోది వస్తే బల్ల ఖాళీ చేయాలి. అక్కడి కట్టుబాటు అది. లేచాక ఏం చేయాలో ఆయనకు తెలియదు.

కానీ ఆరు నెలలుగా ఒక్కటీ రాలేదు. "చూశావా, చేతులు మళ్ళీ దారిలో పడ్డాయి," అని భార్య దగ్గర గొప్పలు పోయేవాడు. అదే గదిలో, కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను. "ఆ, పడ్డాయి లెండి," అనేది తలెత్తకుండా.

ఆ మధ్యాహ్నం సూది కోసం ఆవిడ సొరుగు తీశాడు. పాత టీ డబ్బా నిండా గోరంత తోలు ముక్కలు. అన్నీ వేళ్ళ కొసలే. ఆయన కోసిన ప్రతి ముక్కనూ ఆవిడ మళ్ళీ తడిపి, మళ్ళీ లాగి, పెరిగిన మేరకు కత్తిరించి కుట్టిందన్నమాట. చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటైనా పడతాయని దాచింది. ఆయనకు సిగ్గేసింది. కోపం కూడా రావాల్సిందే గాని, దానికి ఓపిక లేకపోయింది.

అప్పుడే యజమాని కొత్త తోళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఆరు నెలల్లో ఒక్క జత వెనక్కి రాలేదు బాబాయ్. ఇది పెద్ద ఆర్డరు. మీ చేతులే పడాలి."

"ఆ చేతులు నావి కావు బాబూ, మీ పిన్నివి," అంటూ పెద్దాయన డబ్బా మూత తీసి ముందు పెట్టాడు.

మిషను ఆగింది. "ఆరు నెలలు నేను నోరు కుట్టుకుని కూర్చుంటే, మీరు ఆరు నిమిషాలు ఆగలేకపోయారా?" అంది ఆవిడ.

యజమాని డబ్బాకేసి చూశాడు, ఆయన మణికట్లకేసి చూశాడు. "మరి వీటిని ఎవరు లాగుతారు?" అన్నాడు నీరసంగా.

పెద్దాయన లేచి, కూర్చోమన్నట్టు తన పీటను ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ నడుం పట్టుకుని వచ్చింది గాని కూర్చోలేదు. తడి తోలు ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస తాను అందుకుంది.

"మీరు వదలకుండా పట్టుకోండి, చాలు," అంది. "లాగేది నేను."