రెన్యువల్ అయిన పెళ్లికొడుకు

ఆ కాలంలో మాలాంటివాళ్ళకు క్రెడిట్ కార్డు చేతికొస్తే అదొక హోదా. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా భయపడి, ఆ భయం పుణ్యమా అని మమ్మల్ని విమానాలెక్కించి సింగపూర్ రప్పించుకున్న రోజులు. జీతం వచ్చేది, కార్డు వచ్చేది, కార్డు మీద వచ్చే బిల్లును చూడాలన్న బుద్ధి మాత్రం రాలేదు. (నా సంగతి చెబుతున్నాను. చూసుకున్నవాళ్ళు ఉండే ఉంటారు.) అందువల్ల పెళ్లయిన తర్వాత కూడా రెండేళ్ళపాటు నేను పెళ్లికొడుకుగా చలామణి అయ్యాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే మా ఆవిడ చదివి, అందులో నేను దాచినవి కూడా నలుగురికీ చెబుతుందని భయం. ఇప్పుడు ఆ భయం లేదు. ఉంటే బాగుండేది.

పెళ్లికి ముందు బుకిట్ బటోక్‌లో ఒక ఫ్లాట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. ఐదుగురికీ కలిపి ఒక కుక్కరు, ఒక ఇస్త్రీపెట్టె, ఒక పేపరు. అదే లెక్కన పెళ్లిసంబంధాల వెబ్‌సైట్‌లో ఒక సభ్యత్వం. అది అమెరికా కంపెనీ. డబ్బు కడితేగాని అమ్మాయిల ఇళ్ళ చిరునామాలు చూపించదు. మనిషికొక సభ్యత్వం దండగని తేల్చినవాడు మాలో ఒక కరీంనగర్ కుర్రాడు. ఫ్లాట్ జమాఖర్చులు చూసేవాడు గనక వాణ్ణి సెక్రటరీ అనేవాళ్ళం. "సంబంధాలు చూసుడే గదా భాయ్, ఎవల పేరు మీద చూస్తే ఏంది? పేపర్ ఒకటే తెప్పిస్తలేమా?" అన్నాడు. కార్డు నాది గనక పేరు నాది, ఫోటో నాది. కళ్ళజోడు లేకపోతే బాగుంటానని అందరూ అంటే తీసేసి దిగాను. ఎదురుగా ఉన్నది కెమెరానో గోడో తెలియని మనిషి ఎలా చూస్తాడో ఆ ఫోటోలో అలా ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వరసగా ఒక్కొక్కరం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం. నచ్చిన సంబంధం కనబడితే చిరునామా రాసుకుని, ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్ళను పంపించేవాళ్ళం. నాకు మాత్రం అందులో ఏదీ కుదరలేదు. తెనాలిలో ఎవరిదో పెళ్లి భోజనంలో మా పెద్దమ్మ పక్క విస్తరి ముందు కూర్చున్నావిడతో మాట కలిపి, పెరుగన్నం దాకా వచ్చేసరికి నా సంబంధం ఖాయం చేసేసింది.

అలా మా ఆవిడ పాసిర్ రిస్‌లో మేం అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌కి వచ్చింది. ఆమె లెక్కల్లో డిగ్రీ చేసింది. పుట్టింట్లో ఒకేసారి ఆరుగురు మాట్లాడతారు. నేను తక్కువ మాట్లాడేవాణ్ణి. అది గొప్పా కాదు, లోపమని కూడా అప్పట్లో అనుకోలేదు. ఆఫీసు నుంచి వచ్చి అన్నం తిని పుస్తకం తీసేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం టాంపినీస్ లైబ్రరీకి వెళ్ళి వచ్చి మళ్ళీ పుస్తకం తీసేవాణ్ణి. కాపురం బాగానే ఉందని నా అభిప్రాయం.

ఒకరోజు నేను అన్నానికి కూర్చోగానే మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "ఏమండీ, మీకు అమెరికా నుంచి ఈమెయిలు వచ్చింది" అంది.

"ఎవరి దగ్గర్నుంచి?"

"కోర్టు వాళ్ళ దగ్గర్నుంచి. మీరింకా సంబంధాలు చూస్తున్నారట కదా. ఏదైనా కుదిరేలా ఉందా?"

వెళ్ళి చూశాను. సంగతి ఇది. ఆ కంపెనీ సభ్యులను అడగకుండానే ఏటా సభ్యత్వం పొడిగించి, కార్డుల మీద డబ్బు లాగేసుకుంటోంది. అక్కడి సభ్యులు కొందరు అందరి తరఫునా కలిపి దావా వేశారు. కంపెనీ రాజీకొచ్చింది. క్లెయిమ్ పెట్టుకున్నవాళ్ళకు కొంత డబ్బు వెనక్కి ఇస్తారు. ఇదంతా ఆమెకు వివరించాను.

"అంటే మిమ్మల్ని అడక్కుండానే ఏటేటా పెళ్లికొడుకును చేశారా?"

"అవును."

"కార్డు బిల్లు వస్తుంది కదా?"

"వస్తుంది."

"చూడరా?"

"చూడను."

"ఇంత చదివే మనిషి, అదొక్కటీ చదవరన్నమాట."

నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని కోర్టే అంటోంది చూడమన్నాను. "వాళ్ళ పెళ్లాలు వాళ్ళని అడుగుతారు. మీరు క్లెయిమ్ పెట్టండి. మీకు తెలియదని వాళ్ళు ఒప్పుకుని డబ్బిస్తే, అప్పుడు నేనూ ఒప్పుకుంటాను" అంది. వచ్చే డబ్బుతో ఇద్దరం ఒక పూట హోటల్లో తినగలమేమో. కానీ ఇప్పుడది డబ్బు కాదు, నా శీలానికి అమెరికా ఇచ్చే సర్టిఫికెట్. ఫారంలో రెండు ప్రశ్నలున్నాయి. పొడిగింపు సంగతి మీకు తెలుసా? పొడిగించాక సభ్యత్వాన్ని వాడుకున్నారా? రెంటికీ లేదని నిండు మనసుతో రాసి పంపించాను.

మా కింది అంతస్తులో ఒక ఆంటీ ఉండేది. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఆమె తెలుగులో సగం తమిళం, మాట చివర సింగపూర్ వాళ్ళు తగిలించే 'లా'. మా ఆవిడకు ఇక్కడ మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఒక ఉదయం లిఫ్ట్‌లో నన్ను ఎగాదిగా చూసి, "ఏం తంబీ, ఇంకో పెళ్లామా? పావం లా ఆ పిల్ల. అయినా ఫ్లాట్ ఇంతే ఉండాది, రెండోదాన్ని ఎక్కడ పెడతావు?" అంది. లిఫ్ట్‌లో ఉన్న చైనా పెద్దాయనకు తెలుగు రాదు. ఆయన కూడా నాకు కొంచెం దూరంగా జరిగాడు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. పొడిగించిన తర్వాత కూడా మీ సభ్యత్వాన్ని చాలాసార్లు వాడారు, కాబట్టి మీకు డబ్బు రాదు, అభ్యంతరముంటే తెలపండి అని. వాడిన వేళలు కూడా ఇచ్చారు, అమెరికా టైములో. మా ఆవిడ వేళ్ళ మీద గంటలు కలుపుకుని, "ఇక్కడికి ఆదివారం మధ్యాహ్నాలు అవుతాయి" అంది.

నేను ఆ జవాబును మళ్ళీ మొదటినుంచి చదివాను.

"ఆదివారం మధ్యాహ్నం మీరెక్కడుంటారు?"

"లైబ్రరీలో."

"అక్కడ కంప్యూటర్లుంటాయా?"

"ఉంటాయి."

ఆమె మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది. అరిచినా బాగుండేది.

మర్నాటి నుంచి నా నిర్దోషిత్వం నేనే రుజువు చేసుకోవడం మొదలుపెట్టాను. లైబ్రరీలో కంప్యూటర్ జోలికి వెళ్ళలేదని, చదువుతూనే ఉన్నానని ఎలా చూపించడం? చదివినవి ఒప్పజెప్పడం ఒక్కటే దారి. ఒకరోజు సముద్రంలో ఓడలకు దారి చూపే దీపస్తంభాల కాపలావాళ్ళ గురించి చెప్పాను. ఇంకోరోజు ఒంటెల మీద ఉప్పు మోసిన వర్తకుల గురించి. ఆమె కూర తరుగుతూ, ప్లీడరులా ప్రశ్నలు వేసేది. "ఆ కాపలావాడికి పెళ్లాం ఉండేదా?" "ఉండేది." "ఆ సముద్రం మధ్యలో ఎవరితో మాట్లాడేదట?" పుస్తకంలో ఆ సంగతి లేదు. లేదంటే అనుమానిస్తుందని, కోళ్ళతో మాట్లాడేదని చెప్పాను. వర్తకుల ఒంటెల పేర్లు అడిగింది. అవీ కల్పించాను. అన్నాలు చల్లారిపోయేవి. ఆ వారం ఇంట్లో పుస్తకం తెరవలేదు, నోరు మూయలేదు. గొంతు బొంగురుపోతే మిరియాల పాలు ఇచ్చి, "చెప్పండి, ఆ తర్వాత?" అంది.

వారం గడిచాక, మాటల మధ్యలో మామూలుగా అడిగింది. "అవునూ, ఆ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

ఇన్ని పుస్తకాలు చదివిన బుర్రకు ఆ ప్రశ్న అప్పటిదాకా తట్టలేదు. వెంటనే సెక్రటరీకి ఫోన్ చేశాను. "అరే, నువ్వే గదా పాస్‌వర్డ్ ఇచ్చినవ్? పెండ్లి అయినంక చూడొద్దని చెప్పినవా?" అని ఎదురు అడిగాడు. చెప్పలేదు. ఆ ఫ్లాట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. పేపరు డబ్బులు పంచుకున్నట్టు దీని వంతులు మాత్రం నాకు పంపడం మరిచిపోయారు.

ఆ ఆదివారమే కర్రీ పఫ్‌ల పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు. "వదినా, ఈయనది ఏం తప్పు లేదు. చూసినోన్ని నేను. ఒక్కసారే చూసిన అంటే అబద్ధమైతది. శానాసార్లు చూసిన."

"ఏమైనా కుదిరిందా?" అంది మా ఆవిడ.

వాడు తల వంచుకున్నాడు. "వరంగల్ పిల్ల. నిన్ననే మాట ఖాయమైంది."

మా ఆవిడ నా వైపు తిరిగి, "మరి ఆ కంపెనీ వాళ్ళ తప్పేముందండీ? ఏదో విధంగా పెళ్లి కుదిర్చారు కదా. అభ్యంతరం లేదని రాసి పంపండి" అంది. అలాగే రాశాను. దావాలో గెలిచినవాళ్ళ వైపు ఉండి కూడా ఓడిపోయినవాణ్ణి నేనే అయ్యుంటాను. పొడిగించిన డబ్బు మాత్రం సెక్రటరీ నలుగురి దగ్గరా వసూలు చేసి, చిల్లరతో సహా తెచ్చిచ్చాడు.

వాడు వెళ్ళిపోయాక అడిగాను. "ఇప్పుడైనా నమ్మావా?"

"ఇప్పుడేమిటి, మొదటిరోజే నమ్మాను. చొక్కా కొనడానికి మూడు షాపులు తిరిగి ఉత్త చేతులతో వచ్చే మనిషి, రెండో పెళ్లాన్ని వెతుక్కుంటాడా?"

"మరి ఆ పాస్‌వర్డ్ సంగతి అప్పుడే అడగొచ్చు కదా?"

"అడిగితే మీరు అప్పుడే మళ్ళీ పుస్తకం తీసేవారు" అంది, పఫ్ తుంచుకుని తింటూ.

ఆ మాటకు నవ్వాను గాని, అది అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. అర్థమయ్యాక మాట్లాడటం నేర్చుకున్నాను. ఆమె చివరి నెలల్లో ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని నేను ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాణ్ణి, ఆమె కళ్ళు మూసుకుని వినేది. ఆపితే కళ్ళు తెరిచేది. ఇప్పుడు ఎవరు కనబడినా పట్టుకుని కూర్చుంటాను. మొన్న మా అమ్మాయి ఏదో పనిమీద నిమిషం కోసం ఇంటికి వచ్చి, గంట దాటాక లేచి, "నాన్నా, యూ టాక్ టూ మచ్ లా" అని విసుక్కుంది. నాకు కోపం రాలేదు. ఆ ఫిర్యాదు వాళ్ళమ్మ వింటే ఎంత సంతోషించేదో అనుకుంటూ, దాన్ని మళ్ళీ కూర్చోబెట్టాను.