పిక్క పట్టినోళ్ళదే మాట

పలాసలో నాకో జిరాక్స్ షాపుంది. ఆదివారం మధ్యాహ్నం బేరాలుండవు గనక షట్టర్ సగం దించి మేం ఆట ఆడుకుంటాం. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషై, "నేనిప్పుడు ఇలా చేస్తాను" అని చెబుతారు. అది నెగ్గిందో లేదో పాచికలు వేసి తేల్చుకుంటాం. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మేమాడేది నేను రాసిన ఆట. ఇందులో రాజులూ రాక్షసులూ ఉండరు. ఉద్దానం తీరాన తుపాను వెలిసిన మర్నాడు కథ మొదలవుతుంది. తిరిగి రాని పడవను వెతకాలి.

ఆడేది నేనూ, మా బావలిద్దరూ, వదినా. వదిన జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే పని చేస్తుంది. ఆమెకు నత్తి. బావలవి నోళ్ళు కావు, మైకులు. ఆమె మొదటి మాట పూర్తి చేసేలోగా వాళ్ళు కథను ఊరు దాటించేసేవారు. ఒళ్ళు మండి ఒక రూలు రాశాను: "పిక్క పట్టినోళ్ళదే మాట. కింద పెట్టేదాకా మిగతావాళ్ళు నోరెత్తకూడదు." పిక్కంటే జీడిపిక్క, గింజ. మా దగ్గర ఏ ఇంట్లో చెయ్యి పెట్టినా నాలుగు దొరుకుతాయి. ఆ రూలు వచ్చాకే వదిన ఎంత తుంటరి మనిషో మాకు తెలిసింది. బావలు చూడని పడవ జాడ ఆమే పట్టేది.

ఆట రూల్సన్నీ జిరాక్స్ తీసి నేను పిన్నులు కొట్టి పంచిన పుస్తకం ఎలా చేరిందో గానీ, హైదరాబాదులో ఆటలు అచ్చేసే ఒకాయన చేతిలో పడింది. రంగుల బొమ్మలతో రెండో ఎడిషన్ వేస్తానన్నాడు. బావలకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ప్రూఫు వచ్చింది. నలుగురం కూర్చుని చదువుతూ నా రూలు దగ్గరికొచ్చాం. "కాలి పిక్క పట్టేసిన పాత్ర తన వంతు కోల్పోతుంది. అది వదిలేదాకా నోరెత్తకూడదు." పక్కనే కాలు పట్టుకుని మూలుగుతున్న మనిషి బొమ్మ!

"ఓలమ్మో, కాలి పిక్కనుకున్నాడ్రా బాబూ!" అని పెద్దబావ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

వదిన నవ్వలేదు. "అయితే పి... పిక్క పట్టినోళ్ళు మాటాడకూడదా?" అంది.

నా నవ్వు చచ్చిపోయింది. అచ్చేసే ఆయనకు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, అసలు రూలేమిటో చెప్పాను.

"పొరపాటే మేడమ్, క్షమించండి. కానీ ఆడించి చూశాం, ఈ రూలే అందరికీ నచ్చింది. మీదైతే ఒక్కరి కోసం అందరూ ఆగాలి. ఆట నత్తనడక నడుస్తుంది. కొత్త ఎడిషన్ కదా, ఇదే ఉంచుదాం."

"అయితే అచ్చెయ్యకండి," అన్నాను.

చిన్నబావ తల పట్టుకున్నాడు. "ఏటే, పిచ్చేటి నీకు? ఎడిషన్ మారితే రూల్సు మారవేటి?"

"మారనీ. ఆట బాగుపడితే నానే సప్పట్లు కొడతాను. మనిసి నోరు నొక్కేసి కొత్తదంటే ఊరుకుంటానేటి?" అని అరిచాను. పుస్తకం అచ్చు కావాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నది నేనే.

వదిన చెయ్యి చాపి ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"బాబూ, ఆ... ఆ ఆట ఆడే మనిసిని నాను..."

"చెప్పండమ్మా, అంటే మీ ఉద్దేశం..."

"ఆగండి. నాను సెప్పడం అవ్వనేదు."

ఆయన ఆగాడు. వదిన తొందరపడలేదు. ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పింది.

"మా ఆడపడుసు రా... రాసిన రూలు పొరపాటు కాదు. అది ఉంటేనే పు... పుస్తకం. నేకపోతే మా ఆట మాకొదిలీండి."

ఊపిరి తీసుకుంది.

"నాది అయిపోనాది. ఇప్పుడు మీరు సెప్పండి."