అత్తయ్య షుగరు సాక్ష్యం

వయసులో ఉన్నప్పటి కోపాలు చాలావరకు చల్లారిపోతాయి గాని, అత్తయ్య షుగరు సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో కొత్తగా చేరి, గన్నవరంలో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ఆవిడ మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. కాలి బొటనవేలి మీద పుండు ఎన్నాళ్ళకీ మానకపోతే డాక్టరుగారు షుగరు పరీక్ష రాశారు. "పరగడుపునేగా, శుక్రవారం వెళ్దాంలే. ఎలాగూ ఉపవాసమే" అంది అత్తయ్య. (ఒక్క పస్తుకు రెండు పనులన్నమాట.) ల్యాబులో అమ్మాయి రక్తం తీసి, "టిఫిన్ చేసి, రెండు గంటలాగి మళ్ళీ ఇవ్వండి ఆంటీ" అంది. నేను ఆఫీసుకు పోయాను. అత్తయ్య టిఫిన్ చేస్తేనా! అక్కడే బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుని, ఖాళీ కడుపుతోనే రెండోసారి రక్తమిచ్చింది. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. ఆదివారం మైకు పట్టుకుని, షుగరు రాకుండా దేవుడు కాపాడాడని సాక్ష్యం చెప్పింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

పుండు మాత్రం ఆమెన్ అనలేదు. వేలు వాచి చీము పట్టేసరికి ఆవిణ్ణి మళ్ళీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

"రెండో రక్తానికి ముందు ఏం తిన్నారమ్మా?"

"శుక్రవారం నేనేమీ ముట్టనండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తిన్న తిండిని ఒళ్ళు ఎలా సర్దుకుంటుందో చూడ్డానికే కదమ్మా ఆ రెండో పరీక్ష" అని, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష రాశారు. దానికి పస్తుతో పనిలేదు. షుగరుందని తేలింది, పరగడుపున కనపడకుండా తిన్నాక ఎక్కే రకం. వెంటనే మాత్రలు మొదలుపెడితే వేలు దక్కుతుందన్నారు.

"సాక్ష్యం చెప్పేశాక మాత్రలెలా మింగనే? జనం ఏమనుకుంటారు?"

"వేలు తీసేస్తే ఏమనుకుంటారు అత్తయ్యా?"

"నీకు విశ్వాసం తక్కువ."

ఆ మాటకు నాకు తిక్క రేగింది. (ఆదివారం బడిలో పిల్లలకు విశ్వాసం గురించి పాఠం చెప్పేదాన్ని నేను.) ఆ ఆదివారమే సాక్ష్యాల వేళ మైకు అందుకున్నాను. "మా అత్తయ్యకు షుగరుందండి. రెండో రక్తానికి ముందు టిఫిన్ తినలేదంతే. దేవుడు చేయని పని చేశాడని చెప్పినా అబద్ధ సాక్ష్యమే" అన్నాను. "కూర్చోవే, సిగ్గులేదూ" అని ఆడవాళ్ళ వైపు నుంచి అత్తయ్య. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు, ప్రార్థనకో నవ్వాపుకోవడానికో. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు పెద్దమ్మలు నన్ను పక్కకు లాగి, "మేమూ శుక్రవారమే రక్తమిచ్చామే" అని గొణిగారు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, నా మొహం చూడకుండా అత్తయ్య అరచెయ్యి చాపింది. మాత్ర పెట్టాను. వేలు దక్కింది. చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు గాని, పూటపూటా చెయ్యి మాత్రం చాపేది. ఇప్పుడు సంఘంలో నేనూ పెద్దదాన్నే. మైకు చేతికిస్తే నలుగురికీ నచ్చే మాట వెతుక్కుంటాను. ఆ దుడుకు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.